యాజకులమా, యాజకుల వంటివారమా?

నేను పంపిన రాతప్రతి తిరిగి వచ్చినప్పుడు అందులో దిద్దుబాట్లు చాలానే ఉన్నాయి. వత్తులు, విభక్తులు, నాకు తెలియకుండానే దొర్లిపోయే గుంటూరు మాటలు, అన్నీ ఎర్రసిరాతో సరిచేసి ఉన్నాయి. వాటితో నాకు పేచీ లేదు. ఒక్కచోట మాత్రం పెన్సిల్‌తో, చిన్న అక్షరాలతో, అడిగీ అడగనట్టుగా ఒక మాట చేర్చి ఉంది. 'మీరు యాజకులు' అని నేను రాసినచోట 'మీరు యాజకుల వంటివారు' అని.

ఆ పని నా దగ్గరికి వచ్చిన తీరు చెప్పాలి. పెద్దయ్యాక చదువు నేర్చుకున్న ఆడవాళ్ళు కూడబలుక్కుని చదువుకోవడానికి వీలుగా బైబిల్లోని కొన్ని భాగాలను వాడుక తెలుగులో చిన్న పుస్తకాలుగా వేద్దామని కొందరు పూనుకున్నారు. పేతురు రాసిన మొదటి పత్రిక నా వంతుకి వచ్చింది. నేను వేదాంత కళాశాల గడప తొక్కినదాన్ని కాదు. నా పీహెచ్‌డీ తెలుగు కవిత్వంలో రూపకం మీద. గ్రీకు మాత్రం రెండేళ్ళపాటు సాయంత్రాలు ఒక మాస్టారి దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. నిఘంటువు పక్కన పెట్టుకుంటే తప్ప ముందుకి సాగని గ్రీకు అది. నా ప్రతి చూసింది ఇద్దరు: ఒక రిటైరైన తెలుగు లెక్చరరు, ఒక పెద్ద పాస్టరుగారు. పాస్టరుగారు మా కుటుంబానికి కొత్తవారు కాదు. నా డిగ్రీ ఫీజు కట్టడానికి ఎవరెవరి గుమ్మాలో ఎక్కి దిగిన మనిషి.

ఫోన్ చేశాను. "అమ్మా, అలా రాస్తే చదివేవాళ్ళు నిజంగానే యాజకులమనుకుంటారు. మనవాళ్ళు పెద్దగా చదువుకున్నవాళ్ళు కాదు కదా. వంటి అని చేరిస్తే ఏ ఇబ్బందీ ఉండదు" అన్నారు ఆయన, ఎంతో ఆప్యాయంగా.

"చూసి చెబుతానండీ అయ్యగారూ" అని పెట్టేశాను. అనుకోవాలనే కదండీ రాసింది, అన్న మాట ఫోన్ పెట్టేశాక తోచింది. నాకెప్పుడూ అంతే.

నిజం చెప్పొద్దూ, ఆ దిద్దుబాటుకి శాస్త్రం ఆధారం ఉంది. రూపకం పాఠకులకి బోధపడదనుకుంటే దాన్ని ఉపమగా విప్పి చెప్పవచ్చని యూజీన్ నైడా దగ్గర్నుంచీ బైబిలు అనువాద సిద్ధాంతకర్తలు చెబుతూనే ఉన్నారు. ఎమ్మే పిల్లలకి ఆ పాఠం నేనే చెప్పాను. అలంకారశాస్త్రం లెక్కలో చూసినా ముఖచంద్రుణ్ణి 'చంద్రుడి వంటి ముఖం' అంటే కొంపలేమీ మునగవు. కానీ రూపకంలో ఉపమేయానికీ ఉపమానానికీ అభేదం చెబుతాం. ఉపమ రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి మధ్యలో చిన్న గోడ కడుతుంది. ముఖానికీ చంద్రుడికీ మధ్య గోడ ఉంటే ఎవరికీ నష్టం లేదు. యాజకులకీ ఆడవాళ్ళకీ మధ్య గోడ అప్పటికే ఉంది. దాని మీద ఇంకో వరస ఇటుకలు పేర్చడమా అన్నది నా బాధ.

అసలు యాజకుడన్న మాటే చూడండి. యజ్ ధాతువు నుంచి వచ్చింది, యజ్ఞం చేయించేవాడని. యజమాని కూడా ఆ ధాతువు బిడ్డే, యజ్ఞానికి ఖర్చు పెట్టుకునేవాడు. హీబ్రూ కోహెన్‌కీ గ్రీకు హియెరెవ్స్‌కీ తెలుగు బైబిలు ఈ మాట తీసుకుంది. కన్నడం, హిందీ కూడా ఇదే తీసుకున్నాయి. తమిళ బైబిల్లో ఆచారియన్ అనీ మలయాళంలో పురోహితన్ అనీ ఉంటుంది. ఎవరు ఏ మాట తీసుకున్నా అది అగ్రహారం నుంచి రావలసిందే, ఆ పనికి మాటలు అక్కడే ఉన్నాయి. విశాఖపట్నంలో లండన్ మిషనరీలకి సువార్తల అనువాదంలో సాయపడిన ఆనందరాయర్ బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చినవాడు. ఆ సువార్తలు 1812లో అచ్చయ్యాయి, పూర్తి బైబిలు 1854లో. ఆ తర్వాత 1878 జూలైలో ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. పండితుల చేతుల్లో తయారైన మాటలు గుడి మెట్టెక్కనివ్వని మనుషుల చెవుల్లో పడ్డాయి. ఆ చెవులకి 'మీరు యాజకులు' అన్న మాట ఎలా వినిపించి ఉంటుందో మన సాహిత్య చరిత్రలు ఎప్పుడూ అడగలేదు. మతాంతరీకరణ గురించి రాసేవాళ్ళు బియ్యం, గోధుమపిండి లెక్కలు కడతారు గానీ ఒక మాట బరువెంతో తూచరు.

నేను మొదట 'పూజారులు' అని రాశాను. వాడుక తెలుగే కదా కావలసింది. అమ్మకి చదివి వినిపిస్తే, "పూజారులమా? మనమా? అది గుడి మాట కదే" అని నొచ్చుకుంది. పూజారికి మా ఊళ్ళో ఒక ముఖం ఉంది, ఒక వీధి ఉంది, ఆ వీధిలో మా తాతలు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచిన జ్ఞాపకం ఉంది. యాజకుణ్ణి మా పల్లెలో ఎవరూ చూడలేదు, ఆయన బైబిల్లోనే ఉంటాడు. అందుకే ఆ మాట మాకు నొప్పి పుట్టించదు. అందుకే దాని వాడి కూడా తెలియదు. జాషువా 1941లో గబ్బిలాన్ని రాయబారిగా ఎంచుకున్నది మనిషికి తెరుచుకోని గుడిలోకి గబ్బిలం వెళ్ళగలదు కాబట్టి. పేతురు పత్రికలో అదే మనిషిని నేరుగా లోపలికి, బలిపీఠం దాకా రమ్మంటున్నారు. పూజారి అంటే ఆ దడ ఉంటుంది, యాజకుడంటే ఉండదు. అయినా అమ్మ మాట విని యాజకుడికే తిరిగి వచ్చాను. ఇప్పటికీ సరిగ్గా చేశానో లేదో తెలియదు.

ఇక ఆ పత్రిక. అయిదు అధ్యాయాల చిన్న ఉత్తరం. ఈనాటి టర్కీలో ఉన్న పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియ ప్రాంతాల్లో చెదిరి ఉన్నవాళ్ళకి రాసింది. వాళ్ళలో దాసులున్నారు, విశ్వాసులు కాని భర్తలతో కాపురం చేస్తున్న ఆడవాళ్ళున్నారు. సీనాయి కొండ దగ్గర ఇశ్రాయేలుకి చెప్పినట్టు నిర్గమకాండంలో ఉన్న మాటను తెచ్చి వీళ్ళందరికీ తొడిగాడు ఈ రచయిత. గ్రీకులో ఆ మాట హియెరాతెవ్మ, యాజకసమూహం అని. వ్యాకరణంలో అది నపుంసకలింగం. ఆ సంగతి తెలిసిన రోజున నాకు కాస్త నవ్వొచ్చింది.

పెన్సిల్ గీతకి జవాబు వెతుకుతూ రెండో అధ్యాయం మళ్ళీ గ్రీకులో చదివాను. అక్కడ కనిపించింది హోస్ అనే చిన్న మాట. మన 'వలె', 'లాగా', 'గా' లాంటిది. కొత్తగా పుట్టిన శిశువుల్లాగా పాలు కోరుకోమన్నచోట హోస్ ఉంది. సజీవమైన రాళ్ళలాగా మీరూ కట్టబడుతున్నారన్నచోట ఉంది. పరదేశుల్లాగా బతుకుతున్న మిమ్మల్ని వేడుకుంటున్నానన్నచోట ఉంది. యాజకసమూహమన్నచోట మాత్రం లేదు. అంటే ఈ రచయితకి 'వంటి' తెలియక కాదు, చేతికి అందక కాదు. ముందూ వెనకా వాడుతూనే ఉన్నాడు, ఇక్కడ వాడలేదు. హోస్ ప్రతిచోటా పోలికే కానక్కర్లేదనీ 'అయి ఉండి' అనే అర్థంలో కూడా వస్తుందనీ మాస్టారు గుర్తుచేశారు. సరే. అయినా లేనిచోట పెట్టడానికి అది సమాధానం కాదు కదా.

ఇంకొక సంగతి. కొత్త నిబంధన మొత్తం గాలించినా సంఘం నడిపే ఏ ఒక్క మనిషినీ యాజకుడని పిలవలేదు. సంఘనాయకులకి ఉన్న మాటలు ప్రెస్బితెరోస్ వగైరా. ప్రెస్బితెరోస్ అంటే పెద్ద, తెలుగు బైబిలు చక్కగా 'పెద్దలు' అనే అంది. ఇంగ్లీషు వాళ్ళకి ప్రీస్ట్ అన్న మాటే ప్రెస్బితెరోస్ నుంచి పుట్టడంతో రెండూ కలగాపులగమైపోయాయి. 16వ శతాబ్దంలో విలియం టిండేల్ ఆ ముడి విప్పబోతే థామస్ మోర్ మండిపడ్డాడు. మనం ముడి వేసుకోకుండానే బయటపడ్డాం అనుకుంటే, గురుపట్టాభిషేకం అనే మాటొకటి తెచ్చుకున్నాం. గురువు, పట్టం, అభిషేకం: పంతులూ రాజూ కలిసి ఒక్కడయ్యాడు. పోనివ్వండి. యాజకుడన్న మాట కొత్త నిబంధన వాడింది క్రీస్తుకి, ఆ తర్వాత విశ్వాసులందరికీ కలిపి. రెండుచోట్లా అది రూపకమే. మగవాళ్ళ యాజకత్వం వాచ్యార్థమూ మన యాజకత్వం లక్ష్యార్థమూ అనడానికి గ్రంథంలో ఆధారం లేదు.

క్రీస్తు విషయంలో అది రూపకమని ఒప్పుకున్నది హెబ్రీయులకు రాసిన పత్రికే. యాజకులు లేవి గోత్రం వాళ్ళు, అందులోనూ అహరోను సంతానం కావాలి. ఈయన యూదా గోత్రం వాడు. భూమ్మీద ఉంటే ఈయన యాజకుడే అయ్యేవాడు కాదని ఆ పత్రికే చెబుతుంది. మరి ఎలా అయ్యాడు? మెల్కీసెదకు అనే ఒకాయన వరసలో అయ్యాడంటుంది. ఆ మెల్కీసెదకుకి తండ్రి లేడు, తల్లి లేదు, వంశావళి లేదు. కులమేది గోత్రమేది అంటే చెప్పుకోవడానికి ఏమీ లేనివాడు. ఎమ్మేలో ఉండగా హాస్టల్ గదిలో ఇది మొదటిసారి శ్రద్ధగా చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు బయట తిరిగొచ్చాను. పుట్టుకతో అర్హత లేనివాణ్ణి ప్రధానయాజకుడన్నారు! ఇద్దరికీ ఉన్న సాధారణధర్మం ఏమిటి? మన బలహీనతలు ఎరిగి మనతోపాటు నొచ్చుకోగలగడం, మనలాగే శోధన పడి ఉండటం అంటుంది ఆ పత్రిక.

1976లో వాటికన్ వెలువరించిన ఒక ప్రకటన ఈ సాధారణధర్మాన్ని మార్చేసింది. బల్ల దగ్గర నిలబడే గురువు క్రీస్తు స్థానంలో నిలబడతాడు, గుర్తుకీ అది గుర్తుచేసేదానికీ మధ్య సహజమైన పోలిక ఉండాలి, క్రీస్తు పురుషుడు కాబట్టి స్త్రీలో ఆ పోలిక కనిపించదు అని వాదన. ఒక అలంకార విద్యార్థినిగా నాకు దీన్ని చదవడం వింతగా ఉంటుంది. ఆయన యూదుడన్నది పోలికలోకి రాలేదు, వడ్రంగి అన్నది రాలేదు, మగవాడన్నదొక్కటే వచ్చింది. ప్రొటెస్టెంట్లమైన మేం ఆ ప్రకటనని ఒప్పుకోం. ఒప్పుకోకుండానే చాలాచోట్ల అదే పాటిస్తాం. 2013లో నంద్యాలలో ఎగ్గోని పుష్పలలిత గారు దక్షిణ ఇండియా సంఘానికి తొలి మహిళా బిషప్ అయ్యారు. ఆ వార్త పేపర్లో చూసి అమ్మ దాన్ని కత్తిరించి బైబిల్లో పెట్టుకుంది. మా పల్లెలో మాత్రం పాస్టరమ్మ అంటే ఇప్పటికీ పాస్టరుగారి భార్యే.

లెక్చరరుగారు నాతో ఇంకో పద్ధతిలో వాదించారు. ఆయనది నిజమైన వాదం. జాన్ ఎలియట్ అనే పండితుడు 1966లో ఈ రెండో అధ్యాయం మీదే ఒక పుస్తకం రాశాడు. హియెరాతెవ్మ సమూహవాచకం, సైన్యమన్నట్టు. అందరూ కలిసి ఒక యాజకసమూహమే గానీ ఎవరికి వారు విడివిడిగా యాజకులని దాని అర్థం కాదు అంటాడు ఎలియట్. "బహువచనంలో మీరన్నది ఒప్పే తల్లీ, ఏకవచనంలోనే చిక్కు" అన్నారు మాస్టారు.

ఆ మాట రెండు రోజులు నన్ను వదల్లేదు. ఎందుకంటే అది అచ్చంగా తెలుగు వ్యాకరణం. అతను వచ్చాడు. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. అందరూ కలిస్తే మాత్రం వచ్చారు. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి మహత్తులంటే ఎవరో చెబుతూ స్త్రీలనీ పశుపక్ష్యాదుల్నీ జడాల్నీ తీసేసి మిగిలినవాళ్ళని లెక్కపెట్టాడు. ఏకవచనంలో మనం ఆవుతో, బస్సుతో ఉంటాం. బహువచనంలోకి వచ్చాక మనుషుల్లో కలుస్తాం. 'యాజకులు' అంటే అందులో నేనున్నాను. ఒక్కదాన్నే నిలబడి చెప్పుకోవాలంటే మాటే లేదు. యాజకురాలు అని రాసి చూసుకున్నాను. ఎవరో తప్పుగా టైపు చేసినట్టుంది. బిషప్, పాస్టర్ లాంటి అరువు మాటలే నయం, వాటికి డుకారం లేదు.

ఎలియట్‌కి జవాబు ప్రకటన గ్రంథంలో దొరికింది. అందులో మూడుచోట్ల ఈ రూపకం వస్తుంది. మూడుచోట్లా సమూహవాచకం కాకుండా యాజకులు అనే మామూలు బహువచనమే ఉంది. ఎలిజబెత్ షూస్లర్ ఫియొరెంజా తన డాక్టరేట్ పరిశోధన ఆ గ్రంథంలోని ఏలికా యాజకత్వమూ అనే భావాల మీదే చేసి 1972లో పుస్తకంగా వేసింది. స్త్రీవాద బైబిలు పఠనానికి దారి వేసిన మనిషి తొలి అడుగు యాజకులన్న మాట దగ్గర పడిందంటే నాకు ఆశ్చర్యం అనిపించదు.

ఇదంతా అమ్మకి చెప్పుకుంటూ పోతే ఆమె వంకాయలు తరుగుతూ విని, "మీ నాయనమ్మ బల్ల ఇచ్చింది తెలుసా?" అంది.

నాకు తెలియదు. నాయనమ్మ బైబిలమ్మగా పనిచేసిందని తెలుసు. మిషను వాళ్ళిచ్చే కొద్దిపాటి జీతానికి పల్నాడు ఊళ్ళన్నీ కాలినడకన తిరిగి వాక్యం చెప్పేదనీ పురుళ్ళ దగ్గర, పీనుగుల దగ్గర ప్రార్థన చేసేదనీ తెలుసు. ఇది మాత్రం ఇంటి గడప దాటని కథ. నేను పుట్టకముందు, ఒక వానాకాలం. పాస్టరుగారు నెలకోసారి వచ్చి బల్ల ఇచ్చి వెళ్ళేవారు, ఆయన కింద ఎన్నో ఊళ్ళు. ఆ నెల వాగు పొంగి రాలేదు. పల్లెలో ఒక ముసలాయన ప్రాణం కొట్టుకుంటోంది. బల్ల తీసుకోకుండా పోతానని ఏడుస్తున్నాడు. నాయనమ్మ జొన్నరొట్టె తుంచి, గ్లాసులో బెల్లం నీళ్ళు కలిపి, పాస్టరుగారు చెప్పే మాటలన్నీ ఒక్కటి పొల్లుపోకుండా చెప్పి, ఆయన నోట్లో పెట్టింది. తెల్లారి ఆయన పోయాడు. వాగు తీశాక సంఘపెద్దలు కూర్చున్నారు. పట్టం లేని ఆడమనిషి బల్ల ఎలా ఇచ్చిందని అడిగారు. జీతం పోయే ప్రశ్న అది. ఇంట్లో నలుగురు పిల్లలు.

"ఏం చెప్పింది?"

"బల్ల కాదయ్యా, ఆకలన్నాడు, రొట్టె పెట్టాను అంది. రొట్టేగా, రొట్టే. వాళ్ళేం మాట్లాడతారు."

అమ్మ నవ్వుతోంది. నాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి ఆ రొట్టె ఏమిటో నాయనమ్మకి తెలుసు. బతకడం కోసం దాన్ని వాచ్యార్థంలోకి దించేసింది. ఆ తర్వాత ఎప్పుడైనా దాన్ని పైకి ఎత్తుకుందా, తనకి తానైనా చెప్పుకుందా అని అడిగితే అమ్మ, "ఏమో, ఆ సంవత్సరం నుంచీ బల్ల ఆదివారాలు వెనక వరసలో కూర్చునేదని మీ నాన్న అనేవారు" అంది.

మర్నాడు మూడో అధ్యాయం చివరిసారి సరిచూస్తున్నాను. భార్యలు భర్తలకి లోబడి ఉండమని చెప్పే అధ్యాయం. రెండో అధ్యాయంలో యాజకులైనవాళ్ళు పేజీ తిప్పేసరికి ఇలా అయిపోతారు. ఆ అధ్యాయంతో నా గొడవ వేరే వ్యాసానికి సరిపడా ఉంది. ఏడో వచనంలో మగవాళ్ళకి చెప్పే మాట ఉంటుంది, భార్య బలహీనమైన ఘటం అని. పెళ్ళిళ్ళలో ఎన్నిసార్లు విన్నానో. గ్రీకు వైపు ఊరికే చూశాను. హోస్! బలహీనమైన ఘటం వలె, అని ఉంది అక్కడ. మన పాత బైబిల్లో ఆ 'వలె' లేదు, 'ఘటమని' అని ఉంది. వాళ్ళని అనడానికి లేదు, నా ప్రతిలోనూ లేదు. చిన్నప్పటి నుంచి చెవిలో నాటుకున్న మాటని చూసుకోకుండా దించేశాను. ఆ చోట ఎర్రసిరా లేదు, పెన్సిల్ లేదు. ఆడవాళ్ళు దీన్ని నిజమనుకుంటారేమోనని ఎవరికీ భయం వేయలేదు. పీహెచ్‌డీ రూపకం మీద చేసిన నాకూ వేయలేదు.

పాస్టరుగారికి ఉత్తరం రాశాను. ఘటం దగ్గర గ్రీకులో ఉన్న 'వంటి' పెట్టమనీ, యాజకుల దగ్గర లేనిదాన్ని తీసేయమనీ. వారం తర్వాత ఆయనే ఫోన్ చేశారు. ఘటం సంగతి తనకెప్పుడూ తట్టలేదన్నారు, నిజాయితీగానే. అక్కడ మారుస్తామన్నారు. "రెండోది మాత్రం అలా ఉండనివ్వమ్మా, రెండుచోట్లా ఒకేలా ఉంటుంది కదా" అన్నారు.

పుస్తకం అలాగే వచ్చింది. పెద్ద అక్షరాలు, మంచి కాగితం. అమ్మ వాళ్ళ స్త్రీల సమాజంలో దాన్ని మొదటిసారి చదివిన రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను, వెనక చాప మీద కూర్చున్నాను. కూలిపని నుంచి నేరుగా వచ్చిన ఒకావిడ వేలుపెట్టి ఒక్కో అక్షరమే చదువుతూ ఆ మాట దగ్గరికి వచ్చి ఆగింది. మళ్ళీ చదివింది.

"వంటివారమంటే ఏందక్కా, అవునన్నట్టా, కాదన్నట్టా?"

ఎవరూ మాట్లాడలేదు. అమ్మ నా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోపే కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, "మా అత్తగారుండేది," అని మొదలుపెట్టింది, "ఒక వానాకాలం వాగొచ్చింది..."